పాత గడియారాల ముచ్చట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పాతకాలపు ఖరీదైన చేతి గడియారాల సేకరణ గురించి గత సంచికలో వచ్చిన వ్యాసానికి అందిన ఉత్తరాలలో చాలావాటిలో ఒకటే సందేహం కనిపించింది. ఇంట్లో దొరికిన పాత వాచీని బాగు చేయించి కొత్తదానిలా మార్చుకోవాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా అన్నదే ఆ సందేహం. అందుకే ఆ ఉత్తరంతోనే మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: మా తాతగారు ఓడలో ఇంజనీరుగా పనిచేసేవారు. 1958లో సింగపూరులో ఆయన కొనుక్కున్న ఒమేగా కాన్‌స్టలేషన్ వాచీ ఈ మధ్య పాత పెట్టెలో దొరికింది. కీ ఇస్తే కాసేపు నడిచి ఆగిపోతోంది. డయల్ అంచున గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. డయల్‌కు కొత్త రంగు వేయించి, కేసుకు (వాచీ బయటి లోహపు తొడుగుకు) బఫింగ్ పెట్టిస్తే, అంటే చక్రంతో రుద్ది మెరుగు పెట్టిస్తే, కొత్త వాచీలా మెరుస్తుందని మా ఊరి దుకాణదారు అంటున్నారు. చేయించమంటారా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: దయచేసి ఆ రెండు పనులూ చేయించకండి. వాచీ నడవడానికి కావలసిన పని వేరు, మెరవడానికి చేసే పని వేరు. మొదటిది తప్పకుండా చేయించాలి. రెండోది చేయిస్తే మళ్ళీ వెనక్కి తెచ్చుకోలేని నష్టం జరుగుతుంది.

మీ వాచీని పగటి వెలుతురులో భూతద్దం పెట్టి ఒకసారి తీరిగ్గా చూడండి. కాన్‌స్టలేషన్ తరగతిని ఒమేగా 1952లో ప్రవేశపెట్టింది. ఆ కాలపు కాన్‌స్టలేషన్లలో చాలావాటి డయల్ చదునుగా ఉండదు. మధ్యభాగం బల్లపరుపుగా ఉండి, అక్కడి నుంచి అంచు వైపు పన్నెండు పలకలుగా వాలుతుంది. బోర్లించిన పళ్ళెంలా కనిపిస్తుంది కాబట్టి ‘పై’ అనే వంటకాన్ని కాల్చే పళ్ళెం పేరు మీద సేకర్తలు దానిని ‘పై పాన్’ డయల్ అంటారు. ఆరు అంకె పైన ఉండే చిన్న నక్షత్రం రంగుతో వేసింది కాదు, విడిగా లోహంతో చేసి డయల్‌కు బిగించినది. డయల్ అట్టడుగున, అంచుకు దాదాపు తగులుతూ, ‘స్విస్ మేడ్’ అన్న మాటలు వెంట్రుకంత సన్నని అక్షరాలతో ఉంటాయి. అద్దం అసలుదే అయితే దాని నట్టనడుమ, ముళ్ళు కలిసే చోటికి సరిగ్గా పైన, ఒమేగా గుర్తు సూదిమొన అంత చిన్నదిగా చెక్కి ఉంటుంది. వాచీని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే తప్ప అది కంటికి ఆనదు. వెనుక మూత మీద ఒక ఖగోళ పరిశోధనాలయపు గోపురం, దాని పైన ఎనిమిది నక్షత్రాలు ఉంటాయి.

ఇప్పుడు మీ ఊరి దుకాణదారు చెప్పిన పని జరిగితే ఏమవుతుందో చూద్దాం. రంగు వేసేవారు ముందు పాత పూతను, దానితో పాటు ఆ సన్నని అక్షరాలనూ గీకేస్తారు. తిరిగి అచ్చు వేసిన అక్షరాలు ఎంత నేర్పుగా వేసినా లావుగా వస్తాయి, పంక్తుల మధ్య ఎడం మారుతుంది, పలకల అంచుల పదును పూత కింద కప్పబడిపోతుంది. ఇక బఫింగ్ చక్రం కింద పెడితే వెనుక మూత మీది గోపురం అరిగిన నాణెం మీది బొమ్మలా మొద్దుబారుతుంది, పట్టీ తగిలించే కొమ్ముల అంచులు గుండ్రబడతాయి. ఒకసారి అరిగిన లోహాన్ని తిరిగి పుట్టించగల పనివాడు లేడు. సేకరణ మొదలుపెట్టిన కొత్తలో నేనే ఇలాంటి వాచీకి ఒక మెకానిక్ మాట విని కొత్త డయల్ రంగు వేయించాను. తిరిగి వచ్చిన నాడు చాలా ముచ్చటగా అనిపించింది. మరో పాత కాన్‌స్టలేషన్‌ను దాని పక్కన పెట్టి చూసిన రోజున నేను చేసినదేమిటో తెలిసి చాలా బాధపడ్డాను. ఆ బాధ మీకు కలగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ గోధుమ రంగు మచ్చల గురించి బెంగ పెట్టుకోకండి. అరవై ఏళ్ళకు పైగా గాలి, తేమ, ఎండ తగిలిన పూతకు రంగు మారడం సహజం. నల్లని డయల్ సమంగా చాక్లెట్ రంగుకు తిరిగితే దానికి ‘ట్రాపికల్’ అని పేరు పెట్టి అధిక ధర ఇచ్చి కొనేవారున్నారు. మీ డయల్ మీది మచ్చలకు అంత విలువ రాకపోవచ్చు, కానీ కొత్త రంగు వేసిన డయల్ కంటే మచ్చలున్న అసలు డయల్‌కే గౌరవం ఎక్కువ.

చేయించవలసినది లోపలి యంత్రానికి పూర్తి సర్వీసింగ్. ఎండిపోయిన నూనె జిగురుగా మారి చక్రాలను పట్టేస్తుంది కాబట్టే మీ వాచీ కాసేపు నడిచి ఆగిపోతోంది. పాత యంత్రాలను పూర్తిగా విడదీసి, కడిగి, తగిన చోట తగిన నూనె వేసి బిగించగల నిపుణుడికి మాత్రమే ఇవ్వండి. అంతవరకు కీ ఇచ్చి నడిపించకండి, నూనె లేని ఇరుసులు అరుగుతాయి. ఆయన మూత తీసినప్పుడు పక్కన ఉండి ఫోటోలు తీసుకోండి. రాగి రంగులో మెరిసే యంత్రం మీద ఒక క్రమసంఖ్య ఉంటుంది. 1958 నాటి వాచీ అయితే అది సుమారుగా 1 కోటి 60 లక్షల ప్రాంతంలో ఉండాలి. మూత లోపలి వైపు కేసు నమూనా సంఖ్య అచ్చుపోసి ఉంటుంది. ఈ రెండూ తాతగారు కొన్న సంవత్సరంతో పొసిగితే, అంతకు మించిన సాక్ష్యం మీకు అక్కర్లేదు. విడిభాగమేదైనా మార్చవలసి వస్తే, తీసిన పాత భాగాన్ని చిన్న పొట్లంలో కట్టి మీకే ఇమ్మని ముందే చెప్పండి.

ప్రశ్న: పాత వాచీల వేలంలో బంగారు వాచీ కంటే స్టీలు వాచీకే ఎక్కువ ధర పలికిందని చదివాను. బంగారం కంటే స్టీలు ఖరీదు కావడం ఎలా సాధ్యం? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: నగలను తులాల లెక్కన చూసే మనకు ఇది వింతగానే తోస్తుంది. అయితే ఈ రంగంలో ధరను నిర్ణయించేది లోహం బరువు కాదు, అటువంటివి ఎన్ని మిగిలాయన్నది.

జెనీవాకు చెందిన పటేక్ ఫిలిప్ సంస్థ 1941లో 1518 అనే నమూనాను తెచ్చింది. తేదీ, వారం, నెల, చంద్రకళలతో పాటు లీపు సంవత్సరాన్ని సైతం తనంతట తానే లెక్క వేసుకునే పంచాంగాన్నీ, స్టాప్ వాచీనీ ఒకే యంత్రంలో అమర్చి, ఒక వరుసగా తయారు చేసిన మొదటి చేతి గడియారం అది. కేసు వెడల్పు 35 మిల్లీమీటర్లు మాత్రమే, అంటే మన పాత రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది. 1954 వరకు తయారైనవి 281. అంతటి వాచీ కొనగల శ్రీమంతులు సహజంగా బంగారమే కోరుకునేవారు కాబట్టి దాదాపు అన్నీ బంగారు కేసులోనే వచ్చాయి. స్టీలు కేసులో ఇప్పటివరకు బయటపడినవి నాలుగు. వాటిలో ఒకటి 2016 నవంబరులో జెనీవా వేలంలో 1 కోటి 10 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. ఒకనాడు చవక అనిపించుకున్న కేసే కొద్దిమంది చేతుల్లో ఉండటం వల్ల అన్నిటికంటే ప్రియమైంది.

ఇంట్లో పాత బంగారు వాచీలున్నవారు మరొక విషయం గమనించాలి. బంగారం ధర పెరిగినప్పుడల్లా యంత్రాన్ని పక్కన పడేసి కేసును కరిగించే అలవాటు ప్రపంచమంతటా ఉంది. అలా ఎన్ని మంచి గడియారాలు మూసల్లో కలిసిపోయాయో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. కంసాలి దగ్గర తూకం వేయించే ముందు ఒక్కసారి మూత లోపల ఏ పేరుందో చూడండి.

ప్రశ్న: ‘పాల్ న్యూమన్’ రోలెక్స్ డేటోనా అని ఒక వాచీని ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టారు. బిల్లు, పెట్టె లేవట, కానీ డయల్ అసలుదేనని అమ్మేవారు హామీ ఇస్తున్నారు. డయల్‌కు ఎందుకింత పట్టింపు? కొనవచ్చా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: డేటోనా 1963లో 6239 అనే నమూనా సంఖ్యతో వచ్చింది. కీ ఇచ్చి నడిపే స్టాప్ వాచీ అది. దానిలో కొద్దిపాటి వాచీలకు సింగర్ అనే డయళ్ళ తయారీ సంస్థ చేసిన వేరే రకం డయల్ అమర్చారు. ఆ రోజుల్లో అది ఎక్కువమందికి నచ్చలేదు. దుకాణాల్లో ఏళ్ళ తరబడి అమ్ముడుపోకుండా పడి ఉండేది. అమెరికన్ నటుడు, కారు పందేల ప్రియుడు పాల్ న్యూమన్‌కు ఆయన భార్య జోఆన్ వుడ్‌వర్డ్ అటువంటి వాచీనే కొని ఇచ్చారు. జాగ్రత్తగా నడుపు అనే అర్థం వచ్చేలా దాని వెనుక మూత మీద చెక్కించారు. 1984లో న్యూమన్ దానిని తన కుమార్తె స్నేహితుడికి ఇచ్చేశారు. 2017 అక్టోబరు 26న న్యూయార్క్ వేలంలో ఆ వాచీ 1 కోటి 77 లక్షల డాలర్లు దాటింది. డయల్ రకానికి న్యూమన్ పేరు అంతకు చాలా ముందే స్థిరపడింది.

తేడా అంతా డయల్‌లోనే ఉంది కాబట్టి మోసం కూడా డయల్‌లోనే జరుగుతుంది. మామూలు డేటోనా కొని, నకిలీ డయల్ బిగించి అమ్మితే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. అసలు డయల్‌లో లోపలి చిన్న వృత్తాల గీతల చివర బుల్లి చతురస్రాలు ఉంటాయి. తొమ్మిది అంకె దగ్గరి సెకన్ల వృత్తంలో 15, 30, 45, 60 అని ఉంటాయి, మామూలు డయల్‌లో అయితే 20, 40, 60. అయితే నకిలీ చేసేవారికీ ఈ గుర్తులన్నీ తెలుసు. ఇవి లేకపోతే అనుమానించాలే తప్ప ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. పైగా పటేక్ ఫిలిప్ తన పాత వాచీల తయారీ, అమ్మకం తేదీలను రికార్డుల నుంచి తీసి పత్రం ఇస్తుంది గాని, రోలెక్స్ అటువంటి పత్రం ఇవ్వదు.

ఇంతకంటే బరువైన హెచ్చరిక ఒకటుంది. 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 2021 నవంబరులో జెనీవా వేలంలో 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. కొన్నది స్వయంగా ఒమేగా సంస్థే, తన ప్రదర్శనశాల కోసం. అది వేర్వేరు వాచీల భాగాలను కలిపి కూర్చినదని 2023లో బయటపడింది. ఇందులో తన మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉందని ఆ సంస్థే ప్రకటించింది. తయారు చేసినవారి కళ్ళనే కప్పగలిగినప్పుడు, ఫోటోలు చూసి కొనే మన సంగతి వేరే చెప్పాలా? పత్రాలు లేని డేటోనాను, దాని గత యజమానులెవరో తెలియని పరిస్థితిలో, మీరు కొనకపోవడమే మేలు. నమ్మకమైన నిపుణుడి చేత మూత తీయించి చూపడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

మరొక చిన్న విషయం. మన దేశంలో వ్యాపారి దగ్గర 10 లక్షల రూపాయలకు మించిన చేతి గడియారం కొంటే 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం పన్నును అమ్మకందారే వసూలు చేసి మీ పాన్ మీద జమ చేయవలసి ఉంటుంది. బిల్లు లేకుండా ఇస్తామనేవారి మాట వినకండి.

ప్రశ్న: నాన్నగారి పాత వాచీ చీకట్లో మెరిసేది, ఇప్పుడు మెరవడం లేదు. అందులో రేడియం ఉంటే ప్రమాదమని అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మన దగ్గర బండి మీద అంటించే మెరుపు కాగితాన్ని కూడా రేడియం అనే పిలుస్తాం, వాటిలో రేడియం ఉండదు. కానీ 1960ల తొలినాళ్ళ వరకు వాచీల అంకెలకూ ముళ్ళకూ పూసినది నిజమైన రేడియమే. మెరుపు ఆగిపోయింది కాబట్టి ప్రమాదం తీరిపోయిందనుకోవడం పొరపాటు. అరిగిపోయింది దానితో కలిపిన, రేడియం వల్ల వెలిగే జింక్ సల్ఫైడ్. రేడియం శక్తి సగానికి తగ్గడానికి 1,600 ఏళ్ళు పడుతుంది. 1920ల అమెరికాలో కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకుంటూ డయళ్ళకు రేడియం పూసిన యువతులు ఎందరో దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు.

అద్దం, మూత బిగువుగా ఉన్న వాచీని అప్పుడప్పుడు పెట్టుకుంటే భయపడవలసినంత ఏమీ లేదు. అసలు ప్రమాదం మూత తెరిచినప్పుడు రాలే పొడి శ్వాసలోకి వెళ్ళడంలో ఉంది. కాబట్టి ఇంట్లో ఎవరూ తెరవకండి, పూతను గీకకండి, రిపేరుకు ఇచ్చేటప్పుడు రేడియం ఉండవచ్చని ఆ మెకానిక్‌కు తప్పక చెప్పండి. ఆయన ఆరోగ్యం కూడా ముఖ్యమే. ఇటువంటివి చాలా ఉంటే పడకగదిలో మూసిన బీరువాలో కుప్పగా పెట్టకండి, వాటి నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వెలువడుతుంది. డయల్ అడుగున ‘స్విస్’ పక్కన ఇంగ్లీషు ‘టి’ అక్షరం ఉంటే అది రేడియం బదులు వాడిన ట్రిటియం అనే పదార్థం. దాని శక్తి పన్నెండేళ్ళకు పైచిలుకు కాలంలోనే సగమవుతుంది కాబట్టి దాని గురించి బెంగ అక్కర్లేదు.

ప్రశ్న: నేను వాడని వాచీలను ఎలా భద్రపరచాలి? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పట్టీని విడిగా తీసి, ఒక్కో వాచీని మెత్తని గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టండి. స్పీకరుకూ, అయస్కాంతపు మూత ఉన్న సంచులకూ దూరంగా ఉంచండి. వాచీ ఉన్నట్టుండి రోజుకు చాలా నిమిషాలు ముందుకు పోతుంటే అయస్కాంత ప్రభావమే కారణం కావచ్చు, మెకానిక్ దగ్గర అది క్షణాల్లో పోతుంది. మూత మీద ఎన్ని మీటర్ల లోతు రాసి ఉన్నా పాత వాచీని నీళ్ళలో పెట్టకండి, లోపలి రబ్బరు ఎప్పుడో గట్టిపడి ఉంటుంది. తేదీ ఉన్న వాచీలో రాత్రి తొమ్మిదికీ తెల్లవారు మూడుకూ మధ్య తేదీని మార్చే ప్రయత్నం చేయకండి.

ప్రశ్న: రాజమండ్రిలో ఉండే మా నాన్నగారికి షష్టిపూర్తికి 1930ల నాటి రివర్సో వాచీ కానుకగా ఇవ్వాలనుకుంటున్నాను. ఏం చూసి కొనాలి? తీసుకురావడంలో ఇబ్బందులుంటాయా? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: చాలా చక్కని ఆలోచన, పైగా ఆ వాచీకి పుట్టుకతోనే మన దేశంతో బంధం ఉంది. 1930-31 శీతాకాలంలో స్విస్ వ్యాపారి సెజార్ ద త్రే భారతదేశానికి వచ్చినప్పుడు, పోలో ఆటలో అద్దం పగిలిన వాచీని ఒక బ్రిటిష్ అధికారి ఆయనకు చూపించాడని చెబుతారు. హైదరాబాదు, సికింద్రాబాదు మైదానాల్లోనూ అప్పట్లో పోలో బాగా ఆడేవారు. దెబ్బ తగలకుండా అద్దాన్ని లోపలికి తిప్పుకునే దీర్ఘచతురస్రపు కేసును రెనె-ఆల్‌ఫ్రెడ్ షోవో రూపొందించాడు. 1931 మార్చి 4న పారిస్‌లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. మొదటి రివర్సోలలో తావాన్ సంస్థ యంత్రాలు ఉండేవి. 1933 నుంచి రివర్సో తయారీదారైన లెకూల్ట్ర్ సంస్థ సొంత యంత్రాలు వచ్చాయి. కాబట్టి తొలినాటి వాచీలో వేరే పేరున్న యంత్రం కనిపిస్తే కంగారు పడకండి.

చూడవలసినది కేసు పైనా కిందా ఉండే మూడేసి గాడి గీతలు. బఫింగ్ పడిన కేసులో అవి పదును పోయి, లోతు లేకుండా ఉంటాయి. వేలి గోరు వాటి మీద అడ్డంగా లాగితే ప్రతి గీతా విడిగా తగలాలి. తరువాత కేసును చట్రంలో జరిపి తిప్పి చూడండి. వదులుగా ఊగకుండా, చివరికి చేరగానే చిన్న చప్పుడుతో కూర్చోవాలి.

పాత వాచీ కాబట్టి సుంకం ఉండదనుకోకండి. ఉచిత పరిమితి దాటిన విలువకు సుంకం పడుతుంది. కొన్న బిల్లు దగ్గర ఉంచుకుని, విమానాశ్రయంలో రెడ్ ఛానల్ ద్వారా ప్రకటించి రండి. ఇక్కడి నుంచే విదేశానికి తీసుకువెళ్ళి తిరిగి తెచ్చే వాచీ అయితే, వెళ్ళేటప్పుడే కస్టమ్స్ వారి దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. నెల నెలా దాచుకున్న కొద్ది డబ్బుతో సేకరణ ప్రారంభించవచ్చా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తప్పకుండా. మీలాంటి వారి ఉత్తరం వచ్చినప్పుడు నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. ఎంత ఖరీదైన వాచీ గురించి చెప్పిన మాటలైనా చిన్న వాచీకీ వర్తిస్తాయి. మన దేశంలో ఒక తరం పెద్దల చేతికి ఉన్న స్విస్ వాచీ ఫావర్-లూబా. 1737 నాటి వంశపు సంస్థ అది, 1865 నుంచే భారతదేశంలో వ్యాపారం చేసింది. వారి సీ చీఫ్, సీ కింగ్ కీ వాచీలు నేటికీ పాత దుకాణాల్లో, ఇళ్ళల్లో దొరుకుతాయి. జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు కాబట్టి, మంచి స్థితిలో ఉన్న జనతా వాచీ కూడా దాచుకోదగినదే.

ఒక్క జాగ్రత్త మాత్రం మరువకండి. ఈ రెండు పేర్లతో ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగుల్లో, కొత్త కాసులా మెరుస్తూ అమ్ముడవుతున్న డయళ్ళలో చాలావాటికి ఆ ఫ్యాక్టరీలతో సంబంధం లేదు, అవి ఈ మధ్య పాత యంత్రాల మీద రంగు వేసి బిగించినవి. వాటి జోలికి పోకుండా, ముందు మీ ఇంట్లో, మీ బంధువుల ఇళ్ళల్లో అడగండి. నడవని వాచీ దొరికినా సరే తీసుకోండి. ఎవరు ఎప్పుడు కొన్నారో, ఎక్కడ ఉద్యోగం చేసేటప్పుడు పెట్టుకున్నారో పెద్దలను అడిగి ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, వాచీతో పాటే డబ్బాలో పెట్టండి. సర్వీసింగ్‌కు ఇచ్చే ముందు డయల్, మూత లోపలి వైపు, యంత్రం ఫోటోలు మూడూ తీసి నాకు పంపితే, ఏ భాగాన్ని ముట్టుకోకూడదో వచ్చే సంచికలో మీ పేరు లేకుండా రాస్తాను.